సీటు కింద రాసిన అంకెలు

ఫుస్... ఫుస్... ఫుస్...

మనిషి కన్నా ముందు ఆ చప్పుడు వినిపిస్తుంది. వ్యాసర్పాడిలో రైలు యార్డు గోడను ఆనుకొని పోయే సందులోకి తిరగ్గానే, ఏదో పెద్ద జంతువు నిద్రలో ముక్కుతో గాలి వదులుతున్నట్టు ఉంటుంది. ప్లగ్గులు విప్పేసిన ఇంజను, మండించుకోవడానికి ఏమీ లేక, ఉత్త గాలిని మింగి ఉత్త గాలినే కక్కుతున్న చప్పుడది. ఆరుసార్లు వినిపించి ఆగిపోతుంది. గోడకు అవతల ఒక గూడ్సు బండి తన పెట్టెల్ని ఒకదానికొకటి తగిలించుకుంటుంది. మళ్ళీ ఆరుసార్లు.

తరువాత రేకుల షెడ్డు కనిపిస్తుంది. షెడ్డులో ఎత్తిన బానెట్టు. దాని కిందనుంచి, గుండ్రటి గడియారం లాంటిదొకటి చేతిలో పట్టుకొని, నడుము నిదానంగా నిటారు చేసుకుంటూ శ్రీరామచంద్ర.

అతనికి యాభై తొమ్మిదేళ్ళు. తాత ఎప్పుడో నాయుడుపేటలో రైలెక్కి, ఈ యార్డులో ఆవిరి ఇంజన్లకు బొగ్గు ఎత్తడానికి దిగాడు. తిరుగు రైలు ఎక్కలేదు. ఇంట్లో తెలుగు, సందులో తమిళం, ఇంజను దగ్గర మౌనం. మూడు తరాలుగా ఆ కుటుంబం మాట్లాడేవి ఈ మూడు భాషలే. పేటలో అతన్ని కంప్రెషన్ రాము అంటారు. బండి లాగడం లేదా, పొగ కక్కుతోందా, తెల్లవారి స్టార్టు కావడం లేదా, ముందు రాము అన్న మీటరు పెట్టాల్సిందే. మనిషి దమ్ము గుండెలో ఉన్నట్టు ఇంజను దమ్ము సిలిండరులో ఉంటుంది. పిస్టను పైకి లేచినప్పుడు లోపలి గాలి ఎంత గట్టిగా అదుముకుంటుందో, ప్లగ్గు ఉండే రంధ్రంలో బిగించిన ఆ మీటరు ముల్లు చెబుతుంది. పిస్టను చుట్టూ ఉండే రింగులు అరిగినా వాల్వులు సరిగ్గా కూర్చోకపోయినా గాలి కారిపోతుంది, ముల్లు లేవదు.

ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు మీటరు దగ్గర నిలబడాలి, ఇంకొకరు లోపల కూర్చొని యాక్సిలరేటరు అడుగంటా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. ఆ రెండో మనిషి అతని భార్య బాలసరస్వతి. పన్నెండేళ్ళుగా ఆమే. అతను బానెట్టు మీదుగా ఒక వేలు ఎత్తుతాడు, ఆమె తాళం తిప్పుతుంది. పిడికిలి మూస్తాడు, ఆపేస్తుంది. మాటలుండవు. చూసేవాళ్ళకు అదొక ముచ్చట. మొగుడూ పెళ్ళాల మధ్య ఎంత పొందికో అనుకుంటారు.

అసలు సంగతి వేరు. పన్నెండేళ్ళ కిందట పక్కనున్న పంక్చర్ కొట్టులో లారీ టైరు ఒకటి అతని తల పక్కనే పేలింది. ఆ రోజునుంచి ఎడమ చెవిలో లోకం లేదు. కుడి చెవిలో ఉన్నది కూడా, గుడ్డ కప్పిన రేడియోలా, దగ్గరగా వస్తేనే. ఈ సంగతి బాలసరస్వతికి తప్ప ఎవరికీ తెలియదు. చెవిటి మెకానిక్ అంటే కళ్ళు లేని టైలర్ కాదూ? అంతకుముందు అతను స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించి, మొనను ఇంజను మీద పెట్టి, లోపల ఏ మూల ఏ వాల్వు కొట్టుకుంటోందో చెప్పేవాడు. ఇప్పటికీ ఆనిస్తాడు. కళ్ళు మూసుకుంటాడు, తల ఊపుతాడు. ఏమీ వినడు. తరువాత మీటరు పెట్టి, ముల్లు చెప్పిందే చెవి చెప్పినట్టు చెబుతాడు.

తల ఊపడం అతనికి అలా అలవాటయింది. ఎడమవైపున ఎవరి పెదాలు కదిలినా తల ఊపుతాడు. ఒకసారి బాలసరస్వతి నవ్వింది కూడా. "ఆ పంక్చర్ కొట్టు ఆరోగ్యసామి నిన్ను తిడతా ఉంటే ఊపుతా ఉండావే! ఆ చెవికి చెప్పేదీ గోడకు చెప్పేదీ ఒకటే. గోడ కనీసం తలూపదు."

అతనికింకో అలవాటుంది. గురువు సీతారామారావు నేర్పింది. పరీక్ష చేసిన ప్రతి బండిలోనూ కంటికి కనబడని చోట తెల్ల పెయింటు పెన్నుతో తేదీ, ఒక్కొక్క సిలిండరు అంకె, పక్కన 'రా' అని ఒక్క అక్షరం రాస్తాడు. కారైతే బానెట్టు లోపలి రేకు మీద, వ్యానైతే ఇంజను మీది సీటు కింద. మళ్ళీ ఎప్పుడు ఆ మూత లేపినా ఆ బండి దమ్ము ఏటేటా ఎలా తగ్గుతూ వచ్చిందో అక్కడే ఉంటుంది. ఉత్తర మద్రాసులో పాత బండి కొనేవాళ్ళు సీటు లేపి ఆ 'రా' కోసం వెతుకుతారు. అది ఉంటే ఇంకెవర్నీ అడగరు.

సీతారామారావు ఇంకో మాట కూడా చెప్పి పోయాడు. "ఒక సిలిండరు తగ్గితే సిలిండర్ని అనుమానించు. అన్నీ ఒక్కలాగా తగ్గితే నిన్ను అనుమానించు."

ఆ గురువారం పొద్దున ఆ మాట నలభై ఏళ్ళ దూరం నుంచి నడుచుకుంటూ వచ్చి షెడ్డు ముందు నిలబడింది.

మురళీధర్ అని, గుంటూరునుంచి వచ్చి ఐటీలో పనిచేసే కుర్రాడు కారు తెచ్చాడు. దాని ఇంజను మూడు నెలల కిందట శ్రీరామచంద్ర తన చేతులతోనే విప్పి, సిలిండర్ల లోపలి గోడల్ని బోరు చేయించి, కొత్త రింగులేసి బిగించాడు. కొత్త రింగులు బోరుకు సర్దుకున్నాయో లేదో చూడటానికి ఇప్పుడు మీటరు పెట్టాలి. వేలెత్తాడు. ఫుస్, ఫుస్, ఫుస్. ముల్లు నూట ముప్పై రెండు దగ్గర ఆగింది.

నూట డెబ్భై దాటాల్సిన ముల్లు.

రెండోది నూట ముప్పై ఒకటి. మూడోది నూట ముప్పై రెండు. నాలుగోది నూట ముప్పై ఒకటి.

"ఏమైందండీ? బండి పిచ్చ లాగుతోందిగా! మొన్న ఏర్కాడు ఘాట్‌రోడ్డు థర్డ్ గేర్లో ఎక్కించేశా," అన్నాడు మురళీధర్.

శ్రీరామచంద్ర ప్లగ్గు రంధ్రంలోంచి మీటరు విప్పాడు. మీటరు గొట్టం చివరను తిప్పి, కంటి దగ్గర పెట్టుకొని చూశాడు. ఆ చివర చిన్న వాల్వు పిన్ను ఒకటి ఉంటుంది. లోపలికెళ్ళిన గాలిని వెనక్కి పోనీయదు, ముల్లును పడనీయదు. ఆరు వారాల కిందట పాత పిన్ను పాడై ముల్లు నిలవకపోతే, పక్క కొట్టు ఆరోగ్యసామి డబ్బాలోంచి టైరు పిన్ను ఒకటి తీసిచ్చాడు. "రెండూ అక్కాచెల్లెళ్ళే అన్నా, సుమ్మా పెట్టు, ఏం కాదు," అన్నాడు. చూడటానికి రెండూ ఒకటే. పొడుగు ఒకటే, మర ఒకటే. ముల్లు నిలిచింది. పని అయిపోయిందనుకున్నాడు.

ఇప్పుడు దాన్ని విప్పి, గోటితో నొక్కాడు. గట్టిగా ఉంది. రేకు డబ్బా అంతా వెతికి, పారేయని పాత పిన్నును పట్టుకొని నొక్కాడు. దాని స్ప్రింగు పూరేకులా ఒంగింది. ఒకటి టైరులో గాలిని బిగించి ఉంచడానికి పుట్టింది. ఇంకొకటి ఊపిరి తగిలితే చాలు తలుపు తీయడానికి పుట్టింది. టైరు పిన్ను తలుపు తెరవడానికే నలభై పౌండ్ల గాలి తినేస్తోంది. ఆరు వారాలుగా, ఏ ఇంజను ఎంత ఊపిరి పీల్చినా, మీటరు నలభై తక్కువ చెబుతోంది.

"సరసూ," అన్నాడు. గొంతు తనకే వినపడలేదు. "ఈ ఆరు వారాల్లో ఎన్ని బండ్లు చూసినాం?"

బాలసరస్వతి కారు దిగి వచ్చి, అతని కుడిపక్కన నిలబడింది. వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఐదు. అందులో నలుగురు, మళ్ళీ చూద్దాంలే అన్నా అని చెప్పి వెళ్ళిపోయినవాళ్ళు. వాళ్ళకు ఫోను చేస్తే సరిపోతుంది.

ఐదో వేలు దగ్గర ఆమె ఆగిపోయింది.

"వైదేహి," అంది.

వైదేహి వాషర్‌మెన్‌పేట్‌లో స్కూలు వ్యాను నడిపేది. ముందు సీటు కింద ఇంజనుండే పాత తెల్ల వ్యాను. అందులో పదకొండుమంది పిల్లలు, పదకొండు సంచులు, పదకొండు నీళ్ళ సీసాలు. వెనక అద్దం మీద తన చేత్తోనే ఒక చిలకను వేసుకుంది. ఆ పేటలో పిల్లలు స్కూలుకు పోతున్నాం అనేవాళ్ళు కాదు, చిలక బండికి పోతున్నాం అనేవాళ్ళు. పదహారేళ్ళు ఆ వ్యాను ఆమెకు అన్నం పెట్టింది. నెల కిందట అది వంతెన ఎక్కడం మానేసింది. వైదేహి దాన్ని షెడ్డుకు తీసుకొచ్చింది.

ఆ రోజు మూడు సిలిండర్లూ నూట ఇరవై ఎనిమిది, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. ఒక్కో దాంట్లో చెంచాడు నూనె పోసి మళ్ళీ చూశాడు. నూనె రింగుల సందుల్ని మూసి ముల్లు లేస్తే, రింగులు అరిగాయని లెక్క. కాస్త లేచింది. ఏ ఇంజనులోనైనా ఆ మాత్రం లేస్తుందని అతనికి తెలుసు. మూడూ ఒక్కలాగా తగ్గవనీ తెలుసు. కానీ ముల్లు తప్ప అతనికి ఇంకెవరున్నారు? సీటు కింద అంకెలు రాసి, 'రా' పెట్టి, "అయిపోయిందమ్మా. రింగులు, బోరు, అన్నీ పోయినాయి. దీని మీద ఇంక ఖర్చు పెట్టబాక," అన్నాడు.

ఆమె ఏడవలేదు. వ్యాను రేకు మీద అరచేయి పెట్టి కాసేపు నిలబడింది. మూడు వారాల తరువాత దాన్ని పుదుపేటలో పాత బండ్లు విప్పేసేవాళ్ళకు అమ్మేసిందని విన్నారు.

శ్రీరామచంద్ర స్కూటరు తీశాడు. మురళీధర్ కారు ప్లగ్గులు నేల మీద గుడ్డలో అలాగే ఉన్నాయి. "రెండు గంటలుండు బాబూ, మళ్ళీ వచ్చి బిగిస్తా," అన్నాడు. "ఫర్లేదండీ, వెళ్ళిరండి," అన్నాడు కుర్రాడు, ఏదో పెద్దదే జరిగిందని ఆ ముఖాన్ని చూసి గ్రహించి.

బాలసరస్వతి వెనక కూర్చుంది. ఎడమనుంచి లారీ వస్తే ఎడమ భుజం మీద ఒక్కసారి తడుతుంది, బస్సయితే రెండుసార్లు. పన్నెండేళ్ళుగా ఆ నగరం అతనికి భుజం మీదే వినిపిస్తోంది. ఆ రోజు ఆమె చెయ్యి భుజం మీదినుంచి తీయనే లేదు. వ్యాసర్పాడి వంతెన కింద రెండేళ్ళ కిందటి వరద గోడ మీద గీసిపోయిన మరక ఇంకా ఉంది. దాని పక్కగా పోతూ అతను ఒకే లెక్క వేసుకుంటున్నాడు. అమ్మి ఎన్నాళ్ళయింది? విప్పడానికి ఎన్నాళ్ళు పడుతుంది? ఇంజను అలాగే ఉంటే చాలు. బాడీ పోయినా పర్వాలేదు. ఎక్కడినుంచైనా బాడీ తెచ్చి ఆ ఇంజనును అందులో పెట్టి ఇస్తాడు. ఇంజను ఉంటే చాలు.

వైదేహి ఎం.సి. రోడ్డులో ఒక బట్టల కొట్టులో, చూసి వద్దన్న చీరల్ని మళ్ళీ మడతపెట్టే పనిలో ఉంది. వీళ్ళను చూసి బయటికి వచ్చింది. చేతుల్లో సగం మడిచిన చీర ఒకటి అలాగే ఉంది.

"ఏందన్నా, ఇద్దరూ వచ్చినారు? ఎవరికైనా ఏమన్నానా?"

"వ్యాను ఎవరికి అమ్మినావమ్మా?"

"కన్నియప్పన్ అని, పుదుపేటలో. తొమ్మిది దినాలయింది. ఎందుకన్నా?"

అతను చెప్పాడు. పిన్ను సంగతి, స్ప్రింగు సంగతి, నలభై పౌండ్ల సంగతి. రోడ్డు మధ్యలో, తోపుడు బండ్ల అరుపుల మధ్య, నేల చూస్తూ చెప్పాడు. "నీ ఇంజను మంచిదే అయ్యుంటాది. తప్పు నాది."

వైదేహి చేతిలోని చీర మడత పూర్తిచేసింది. తరువాత నిదానంగా అడిగింది. "మరి వంతెన ఎందుకు ఎక్కలా?"

"అదే తెలవడం లేదు."

"నేను చెప్తిని కదన్నా నీకు."

అతను తలెత్తాడు.

"ఆ రోజే చెప్తిని. నువ్వు వంగి మీటరు పెడతా ఉండావు, నేను నీ పక్కనే నిలబడి చెప్తిని. అన్నా, వరదలో మునిగినప్పట్నుంచీ సైలెన్సరు లోపల ఏందో గలగలా అంటా ఉండాది, ఇప్పుడు పొగగొట్టం కాడ చెయ్యి పెడితే గాలే తగల్లేదు అని. నువ్వు తలూపితివే! ఊ, ఊ అని తలూపితివే! చూసుకుంటాడులే అనుకుంటిని."

"ఏ పక్క నిలబడినావమ్మా?" అని అడిగింది బాలసరస్వతి. అడక్కుండా ఉండలేకపోయింది.

"ఏ పక్కేంది అక్కా? ఈ పక్కే." వైదేహి ఎడమ చెయ్యి ఎత్తింది.

బాలసరస్వతి అప్పుడు వ్యాను లోపల స్టీరింగు ముందు కూర్చొని ఉంది, వేలెత్తడం కోసం చూస్తూ. సెల్ఫ్ చప్పుడులో ఎవరి మాటా ఆమెకు వినపడలేదు, ఎవరి పెదాలు కదిలాయో కనబడలేదు. మిగతా రోజుల్లో ఆమే పక్కన నిలబడి, బండి వాళ్ళ మాటల్ని మళ్ళీ కుడి చెవిలో వేసేది. ఏదో తను అడుగుతున్నట్టు, ఏదో తనకు అర్థం కానట్టు. ఆ ఒక్క పూట చేరవేయలేకపోయింది.

శ్రీరామచంద్ర రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. అక్కడే చెప్పేయాలి. నాకు వినపడలేదమ్మా అని నాలుగు మాటలు. నోరు తెరిచాడు. పన్నెండేళ్ళు దాచిన మాట గొంతులో టైరు పిన్నులా బిగుసుకుపోయింది, తలుపు తెరుచుకోలేదు.

"పోయి తెస్తాను," అన్నాడు. "ఇంజను తెస్తాను."

"సీక్రం పో అన్నా, వాళ్ళు విప్పేసేలోపల," అంది వైదేహి. ఆ గొంతులో మొదటిసారి ఆశ కదిలింది. ఆ కదలికను అతను వినలేదు. ముఖంలో చూశాడు, అదీ చూడకపోయుంటే నయమనుకున్నాడు.

పుదుపేటలో బండ్లు చచ్చాక కూడా మాట్లాడుతూనే ఉంటాయి. తలుపులు ఒక కొట్టులో, అద్దాలు ఒక కొట్టులో, దీపాలు దండలు గుచ్చినట్టు ఒక కొట్టు ముందు. మధ్యాహ్నపు ఎండలో ఆ దీపాలన్నీ ఒకేసారి వెలిగినట్టుంటాయి, అన్నీ ఆరిపోయినవే అయినా. వెనకాల కూవం నది కుళ్ళు వాసన. సుత్తి దెబ్బలు. ఆ దెబ్బల్ని అతను చెవితో కాకుండా అరికాళ్ళతో విన్నాడు.

కన్నియప్పన్ కొట్టు ముందు గోడకు ఆనించిన ఒక సీటు మూత దూరం నుంచే కనబడింది. లోపలివైపు ఎండకు తిప్పి పెట్టారు. తెల్లటి అక్షరాలు.

దగ్గరికి వెళ్ళాడు. తన చేతిరాత. మొదటి వరస పదకొండేళ్ళ కిందటిది, నూట డెబ్భై ఎనిమిది, డెబ్భై ఆరు, డెబ్భై ఎనిమిది. తరువాత నూట డెబ్భై మూడు. తరువాత నూట డెబ్భై. ఏటేటా ఒక మనిషి నిదానంగా, మర్యాదగా ముసలివాడవుతున్నట్టు. ఒక్కసారిగా, కిందటి నెల తేదీతో నూట ఇరవై ఎనిమిది. ప్రతి వరస చివరా 'రా'. ఎలాంటి బండీ ఒక్క ఏడాదిలో అలా పడిపోదు. ఆ వరసల్ని అతను ఆ రోజు పైనుంచి కిందికి ఒక్కసారి చదివి ఉంటే చాలు.

కన్నియప్పన్ టీ గ్లాసుతో వచ్చాడు. చెన్నైలో పాత ఇనుము తెలిసినవాళ్ళందరికీ తెలిసిన లావాటి మనిషి. తమిళంలోనే పలకరించాడు. "రామచంద్రన్ సారా! మీ దయ వల్ల నాకు పని తగ్గింది. సీటు లేపితిని, మీ నెంబర్లుండాయి. ఇంక స్టార్టు చేసి చూసేదేముంది?"

"ఇంజనెక్కడ?"

"అదా? చచ్చిన ఇంజనుకు చోటెందుకు సార్? మొన్నే పగలగొట్టించేసినా. అల్యూమినియం ఆ పక్క, ఇనుము ఈ పక్క. రేపు బండి వస్తాది, పోతాది." గ్లాసు కింద పెట్టి చూపించాడు. "మామూలుగా అయితే ఒక పూట తిప్పి చూస్తాం సార్. నడిస్తే అట్లాగే ఎవరికైనా ఇచ్చేస్తాం. మీ సంతకం ఉండబట్టే నేరుగా సుత్తే."

బ్లాకు రెండు ముక్కలై, వాటి మధ్యలో మధ్య సిలిండరు సగం గొట్టంలా తెరుచుకొని ఉంది. శ్రీరామచంద్ర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చొక్కా అంచుతో నూనె తుడిచాడు. లోపలి గోడ మీద సన్నని అడ్డగీతలు, ఫ్యాక్టరీలో బోరుకు మెరుగు పెట్టిన రోజు పడ్డ గీతలు, చేప పొలుసు మీది నిగారింపులా ఇంకా ఉన్నాయి. అరిగిన బోరులో అవి ఉండవు. అద్దంలా నున్నగా అయిపోతుంది. బొటనవేలితో తడిమి చూశాడు. పై అంచు దగ్గర, అరిగితే పడే మెట్టు లేదు. వేలు ఎక్కడా తట్టుకోలేదు.

ఇంకో అరవై వేల కిలోమీటర్లు పరిగెత్తేది.

పక్కనే సైలెన్సరు పడి ఉంది. ఎత్తాడు. బరువంతా ఒక పక్కకే ఒరిగింది. ఊపాడు. లోపల తుప్పుపట్టి ఊడిన రేకులు ఒక మూలకు జారి గొట్టాన్ని మూసేశాయి. ఆ చప్పుడు అతనికి వినపడలేదు. చేతుల్లో తెలిసింది. గలగల.

వైదేహి చెప్పిన గలగల.

మంచి దమ్ము ఉన్న ఇంజను, ఊపిరి బయటికి వదలలేక వంతెన కింద ఆగిపోయింది. ఒక సైలెన్సరు మార్చి ఉంటే అరపూట పని. అతను సైలెన్సరును ఒళ్ళో పెట్టుకొని, నూనె మట్టి మీద అలాగే కూర్చున్నాడు. పక్కన సుత్తులు పడుతూనే ఉన్నాయి. బాలసరస్వతి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. తట్టలేదు, ఊరికే వేసింది. అతను ఏడుస్తున్న సంగతి అతనికి ఆ చెయ్యి వల్ల తెలిసింది.

"ఏమైంది సార్?" అన్నాడు కన్నియప్పన్, నిజంగానే భయపడి. "రేటు తక్కువిచ్చినానని ఆ అమ్మ చెప్పిందా?"

"ఆ మూత నాకియ్యప్పా," అన్నాడు శ్రీరామచంద్ర.

తిరిగి వాషర్‌మెన్‌పేట్ చేరేసరికి స్కూళ్ళు వదిలే వేళయింది. రోడ్డు నిండా యూనిఫాముల పిల్లలు, ఆటోల్లోంచి వేలాడే సంచులు. కొట్టు మెట్ల మీద వైదేహి నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో. స్కూటరు మీద ఒక్క మూత మాత్రమే చూసి, ఆమె మెట్లు దిగబోయి ఆగింది.

మూతను మెట్టు మీద పెట్టి, పైనుంచి కిందికి చూపించాడు. అప్పుడు చెప్పాడు. కొట్టు సేల్సుమన్లు, ఎదురు పూలకొట్టామె, రోడ్డు మీద ఆగినవాళ్ళు అందరూ వింటుండగా, తన గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియని మనిషి గొంతుతో చెప్పాడు.

"నువ్వు చెప్పింది నేను వినలేదమ్మా. ఈ చెవి చచ్చిపోయి పన్నెండేండ్లయింది. నీ మాట నా చెవిలో పడలా. తలూపితిని. అందరికీ అట్లానే ఊపుతా ఉండా."

వైదేహి చేతిలో ఇప్పుడు ఇంకో చీర ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టింది, ఎనిమిది మడతలు పెట్టింది. ఇంకా మడవడానికి లేదు.

"వినపడలా అని చెప్పుంటే," అంది, "ఆ పక్కకొచ్చి ఇంకోసారి చెప్పుంటాను కదన్నా."

అంతే. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో అని అతను అనుకున్నాడు. కొట్టులోంచి ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది. మూతను తీసుకోలేదు. రోడ్డు మీద పోతున్న ఒక చిన్నపిల్ల, రెండు జడలది, ఆటోలోంచి మెడ బయటికి పెట్టి "వైదేహి అక్కా! చిలక ఎప్పుడొస్తాది?" అని తమిళంలో అరిచింది. వైదేహి లోపలికి పోతూ వెనక్కి తిరగలేదు. శ్రీరామచంద్రకు ఆ అరుపు వినపడలేదు. షెడ్డుకెళ్ళి మురళీధర్ కారు ప్లగ్గులు బిగించి ఇంటికొచ్చాక, రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు, బాలసరస్వతి కుడి చెవిలో చెప్పింది. అంతకుముందైతే చెప్పేది కాదు. ఇకనుంచి అన్నీ చెప్పాలని ఆ రోజే నిశ్చయించుకుంది.

అతను అన్నం వదిలేసి లేచాడు.

ఇది జరిగి నాలుగు నెలలు. ఆ సీటు మూత ఇప్పుడు షెడ్డు గోడకు వేలాడుతోంది, అంకెలు బయటికి. మీటరుకు సరైన పిన్ను వచ్చింది. దాన్ని నెలకోసారి మురళీధర్ కారు మీద పెట్టి, నూట డెబ్భై రెండు చూశాకే వేరే బండి ముట్టుకుంటాడు. బండ్లు తగ్గాయి. చెవిటివాడట అని కొందరు, బంగారం లాంటి ఇంజనును చంపేశాడట అని కొందరు. రెండూ నిజమే కాబట్టి అతను ఎవరికీ జవాబివ్వడు. పరీక్ష చేసినా ఇప్పుడు అంకెలు రాయడం లేదు, 'రా' పెట్టడం లేదు. ఎవరైనా అడిగితే పెన్ను ఎండిపోయిందంటాడు. ఆదివారాలు పుదుపేట తిరిగి, ఒక వ్యాను ఇంజను కోసం వెతుకుతున్నాడు. నాలుగు చూశాడు. నాలుగింటి బోర్లూ అద్దంలా నున్నగా ఉన్నాయి. వైదేహి చీరలు మడుస్తూనే ఉంది. ఇంజను దొరికినా ఆమె మళ్ళీ స్టీరింగు పట్టుకుంటుందో లేదో అతను అడగలేదు. అడిగితే వినాల్సి వస్తుందని భయం.

ఇదంతా అతను ఒక శనివారం సాయంత్రం, తన కథ అడిగి, స్టూలు మీద కూర్చొని పుస్తకంలో రాసుకుంటున్న ఒక మనిషికి చెప్పాడు. యార్డులో గూడ్సు బండి పెట్టెలు కలుపుకుంటోంది. పుస్తకం మూసి, సెలవు తీసుకొని లేస్తూ, ఆ రాసేమనిషి పక్కనున్న తన పాత కారును చూపించి, కొన్నాళ్ళుగా అది ఎత్తు ఎక్కేటప్పుడు ఎందుకో ఆయాసపడుతోందని అన్నాడు. శ్రీరామచంద్రకు ఎడమవైపు నిలబడి అన్నాడు.

శ్రీరామచంద్ర తల ఊపబోయాడు. మెడ సగం వరకూ కదిలింది. అక్కడ ఆగింది.

"ఇంతసేపు చెప్తిని, అప్పుడే మర్చిపోతిరే సార్! ఆ చెవి కాదు, ఈ పక్కకు రండి. వచ్చి, మీ బండికి ఏమయిందో మొదట్నుంచీ చెప్పండి."